ఆర్డుయినో బోర్డుకూ కంప్యూటర్‌కూ పేచీ వచ్చినప్పుడు: హార్డ్‌వేర్, సాఫ్ట్‌వేర్ ఘర్షణలను వరుసగా తేల్చుకునే విధానం

"పోర్టు కనిపించడం లేదు", "అప్‌లోడ్ సగంలో ఆగిపోతోంది", "రిలే పెట్టగానే బోర్డు మళ్లీ మొదటి నుంచి మొదలవుతోంది" అనే మూడు ప్రశ్నలు ఇంజినీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టు పనుల కాలంలో మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఒక్కొక్కరికి విడిగా జవాబు చెప్పడం కంటే, తప్పు ఎక్కడ ఉందో ఎవరికి వారే తేల్చుకోగలిగే వరుసను ఒకచోట రాయడం మేలనిపించి ఈ మార్గదర్శిని సిద్ధం చేశాను. ఆర్డుయినో అంటే సెన్సర్లను, మోటార్లను మనం రాసిన ప్రోగ్రామ్‌తో నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు. ఇందులో చెప్పినది ఏటీమెగా328పీ చిప్ ఉన్న ఆర్డుయినో యూనో, నానో బోర్డులకూ, వాటి క్లోన్ (నకలు) బోర్డులకూ వర్తిస్తుంది. కంప్యూటర్‌లో విండోస్ 10 లేదా 11 ఉందనుకుని రాశాను. లినక్స్ వాడేవారికి కావలసిన తేడాలు నాలుగో మెట్టులో ఉన్నాయి.

మొత్తం పద్ధతికి ఆధారం ఒక్కటే. కంప్యూటర్ వైపు నుంచి మొదలుపెట్టి కేబుల్, డ్రైవర్, పోర్టు, బూట్‌లోడర్ (కొత్త ప్రోగ్రామ్‌ను అందుకోవడానికి చిప్‌లో ముందే ఉండే చిన్న ప్రోగ్రామ్), పిన్నులు, కరెంటు అనే వరుసలో బయటికి నడవాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. కేబుల్ మార్చి, డ్రైవర్ మార్చి, ప్రోగ్రామ్‌లో నాలుగు వరుసలు సవరించిన తర్వాత బోర్డు పనిచేస్తే, దేనివల్ల పనిచేసిందో తెలియదు. రెండు రోజులకు అదే తప్పు తిరిగి తలెత్తితే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

1. మొదలుపెట్టే ముందు

ఇవి చేతికి అందేలా పెట్టుకోండి:

□ డేటా పంపగల యూఎస్‌బీ కేబుళ్లు రెండు
□ మల్టీమీటరు
□ ఇప్పటికే పనిచేస్తుందని తెలిసిన అదే రకం బోర్డు, అరువుకు దొరికినా సరే
□ జంపర్ వైర్లు, 10 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఒకటి
□ ఒక నోటుపుస్తకం

వైర్లు ఊడదీసే ముందు మొత్తం వైరింగ్‌ను పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి చొప్పున రెండు ఫొటోలు తీయండి. ప్రోగ్రామ్‌ను వేరే పేరుతో దాచుకోండి. స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్‌ను "ఏదో ఎర్రర్ వచ్చింది" అని గుర్తుపెట్టుకోవడం కాకుండా, మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా కాపీ చేసి ఉంచండి. తప్పును పట్టించే మాట చాలాసార్లు చివరి వరుసలో కాక, మొదటి రెండు మూడు వరుసల్లోనే ఉంటుంది.

2. బోర్డును ఒంటరిగా నిలబెట్టండి

షీల్డులు (బోర్డు మీద కూర్చునే అదనపు బోర్డులు), సెన్సర్లు, రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్‌లు), బయటి అడాప్టర్ అన్నీ తీసేయండి. ఒట్టి బోర్డును ఇనుప బల్ల మీద కాకుండా పొడి కాగితం మీదనో చెక్క మీదనో ఉంచి, హబ్ లేకుండా నేరుగా కంప్యూటర్ సాకెట్‌కు కలపండి. తర్వాత ఐడీఈలోని (ప్రోగ్రాములు రాసి బోర్డుకు పంపే ఆర్డుయినో సాఫ్ట్‌వేర్‌లోని) ఉదాహరణల నుంచి, ఎల్‌ఈడీని వెలిగించి ఆర్పే "బ్లింక్" ప్రోగ్రామ్‌ను అప్‌లోడ్ చేయండి. ఈ ఒక్క పరీక్షతో సగం దారి తేలిపోతుంది.

□ పవర్ ఎల్‌ఈడీ వెలగకపోతే: మూడో మెట్టు
□ ఎల్‌ఈడీ వెలిగినా కంప్యూటర్‌కు బోర్డు కనిపించకపోతే: మూడు, నాలుగు మెట్లు
□ పోర్టు కనిపించినా అప్‌లోడ్ కాకపోతే: అయిదు, ఆరు మెట్లు
□ ఒట్టి బోర్డులో బ్లింక్ చక్కగా నడిస్తే: బోర్డు, కేబుల్, డ్రైవర్ మూడూ బాగున్నట్లే, ఏడో మెట్టుకు వెళ్లండి

చివరి ఫలితం వచ్చినవారు డ్రైవర్ల జోలికి అసలు పోవద్దు. వైరింగ్‌లోని తప్పుకు విండోస్‌ను కొత్తగా ఎక్కించి సెమిస్టర్ ఫైళ్లన్నీ పోగొట్టుకున్నవారిని చూశాను కనుక ఈ మాటను నొక్కి చెబుతున్నాను.

కలపగానే ఏ చిప్ అయినా వేలు ఆనించలేనంత వేడెక్కితే వెంటనే కేబుల్ తీసేయండి. అలాంటి బోర్డుతో ఇక పరీక్షలు కొనసాగించడం కంప్యూటర్ పోర్టుకు కూడా మంచిది కాదు.

3. కేబుల్, సాకెట్

ఒకసారి కొత్త బోర్డు పాడై వచ్చిందనుకుని నేను రెండు సాయంత్రాలు డ్రైవర్లు మారుస్తూ కూర్చున్నాను. పవర్ ఎల్‌ఈడీ వెలుగుతోంది కనుక కేబుల్ మీద అనుమానమే రాలేదు. చివరికి కేబుల్‌ను మధ్యలో కోసి చూస్తే లోపల ఎరుపు, నలుపు తీగలు రెండే ఉన్నాయి. డేటాను మోసే తెలుపు, ఆకుపచ్చ తీగలు లేనే లేవు. అది ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్. ఎల్‌ఈడీ వెలగడం కరెంటు వస్తోందనడానికి రుజువే గాని, డేటా వెళ్తోందనడానికి కాదు.

కేబుల్‌ను కోయనక్కరలేదు. నానోలో, క్లోన్ బోర్డుల్లో ఉండే మినీ, మైక్రో లేదా సీ రకం కేబుల్ అయితే, అదే కేబుల్‌తో ఫోనునో కెమెరానో కంప్యూటర్‌కు కలిపి ఒక ఫొటో కాపీ చేసి చూడండి. ఫైలు వస్తే కేబుల్ మంచిదే. అసలు యూనోకు వాడే బీ రకం కేబుల్ ప్రింటర్ కేబుల్ లాంటిదే కనుక, దాన్ని ప్రింటర్‌తో పరీక్షించవచ్చు. కొత్తది కొనేటప్పుడు, అది హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ అయినా మీ ఊళ్లోని మొబైల్ దుకాణమైనా, "డేటా కేబుల్ కావాలి" అని స్పష్టంగా అడగండి.

పవర్ ఎల్‌ఈడీ వెలగని బోర్డులో 5 వోల్టుల పిన్నుకూ గ్రౌండ్‌కూ మధ్య మీటరు పెట్టి చూడండి. 4.75 నుంచి 5.25 వోల్టుల మధ్య ఉంటే సరఫరా బాగున్నట్లే. సున్నా దగ్గర ఉంటే బోర్డులో షార్ట్ ఉండవచ్చు, లేదా యూనోలో యూఎస్‌బీ సాకెట్ పక్కన ఉండే 500 మిల్లీయాంపియర్ల పాలీఫ్యూజ్ పనిచేసి ఉండవచ్చు. ఈ ఫ్యూజ్ కాలిపోయేది కాదు. వేడెక్కి దారి మూస్తుంది, చల్లారాక మళ్లీ తెరుస్తుంది. కేబుల్ తీసి పది నిమిషాలు ఆగి మళ్లీ చూడండి.

4. డ్రైవర్, పోర్టు నంబరు

కంప్యూటర్ మాట్లాడేది ఏటీమెగా328పీతో కాదు, యూఎస్‌బీ సాకెట్ పక్కనున్న మధ్యవర్తి చిప్‌తో. డ్రైవర్ కావలసింది ఆ మధ్యవర్తికే. అసలు యూనోలో అది ఏటీమెగా16యూ2. చాలా క్లోన్లలో సీహెచ్340. కొన్ని నానోలలో ఎఫ్‌టీ232ఆర్. మరికొన్ని బోర్డుల్లో సీపీ2102. చిప్ మీద అక్షరాలు చదవలేకపోతే డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్‌కు కలిపిన పరికరాల జాబితా చూపే విండోస్ కిటికీలో) ఆ పరికరం ప్రాపర్టీస్ తెరిచి, డీటెయిల్స్ కింద హార్డ్‌వేర్ ఐడీస్ చూడండి. అందులో తయారీదారు సంఖ్య, ఉత్పత్తి సంఖ్య అని రెండు ఉంటాయి:

□ 2341, 0043: అసలు యూనో
□ 1ఏ86, 7523: సీహెచ్340
□ 0403, 6001: ఎఫ్‌టీ232ఆర్
□ 10సీ4, ఈఏ60: సీపీ2102

ఇప్పుడు ఈ వరుసలో చేయండి.

మొదట బోర్డు తీసి ఉంచి డివైస్ మేనేజర్ తెరవండి. బోర్డు కలిపిన క్షణంలో జాబితాలో కొత్తగా ఏది చేరిందో చూడండి. ఏదీ చేరకపోతే మూడో మెట్టుకు తిరిగి వెళ్లండి, ఎందుకంటే డ్రైవర్ లేకపోయినా ఏదో ఒక పేరుతో పరికరం కనిపించాలి.

పసుపు గుర్తుతో కనిపిస్తే దాని మీద రెండుసార్లు నొక్కి కోడ్ నంబరు చదవండి. కోడ్ 28 అంటే డ్రైవర్ లేదని. చిప్ తయారీదారు ఇచ్చే డ్రైవర్‌ను ఎక్కించండి. కోడ్ 10 అంటే డ్రైవర్ ఉన్నా పరికరం మొదలు కాలేదని; నిన్నటిదాకా పనిచేసి విండోస్ అప్‌డేట్ తర్వాత ఇలా వచ్చిందంటే, ప్రాపర్టీస్‌లోని "రోల్ బ్యాక్ డ్రైవర్" నొక్కి పాత డ్రైవర్‌కు వెళ్లండి. కోడ్ 43 వస్తే ముందుగా కేబుల్, హబ్, సాకెట్ మార్చి చూడండి. ఒట్టి బోర్డుతో, మంచి కేబుల్‌తో, రెండు కంప్యూటర్లలోనూ అదే కోడ్ వస్తే అనుమానం మధ్యవర్తి చిప్ మీదికి పోతుంది.

పసుపు గుర్తు లేకుండా "పోర్ట్స్" విభాగంలో కనిపిస్తే పక్కన ఉన్న కామ్ నంబరు (ఆ పోర్టుకు విండోస్ ఇచ్చే పేరు) రాసుకుని, ఐడీఈలో అదే నంబరును ఎంచుకోండి. ఇక్కడ రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. బ్లూటూత్ కూడా కామ్ పోర్టులను సృష్టిస్తుంది. పొరపాటున వాటిని ఎంచుకుంటే ఐడీఈ చాలాసేపు కదలదు. రెండోది, సీహెచ్340కి సాధారణంగా సొంత సీరియల్ నంబరు ఉండదు కనుక, బోర్డును వేరే యూఎస్‌బీ సాకెట్‌లో పెడితే విండోస్ దాన్ని కొత్త పరికరంగా లెక్కించి మరో కామ్ నంబరు ఇస్తుంది. నిన్న కామ్4 అయినది ఈరోజు కామ్7 కావడంలో లోపమేమీ లేదు. ఒకే సాకెట్‌ను వాడుతూ ఉండండి.

లినక్స్‌లో అసలు యూనో టీటీవైఏసీఎం0 గానూ, సీహెచ్340, ఎఫ్‌టీ232 బోర్డులు టీటీవైయూఎస్‌బీ0 గానూ కనిపిస్తాయి. "పర్మిషన్ డినైడ్" వస్తే మీ యూజర్‌ను డయల్‌అవుట్ గ్రూపులో చేర్చి, లాగౌట్ అయి మళ్లీ లాగిన్ కావాలి. లాగౌట్ కాకుండా ప్రయత్నించి ఫలితం లేదనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. ఉబుంటు 22.04లో సీహెచ్340 బోర్డు కలిపిన వెంటనే కనిపించి మాయమవుతూ ఉంటే, బీఆర్ఎల్‌టీటీవై అనే బ్రెయిలీ సేవ ఆ చిప్ సంఖ్యను చూసి బ్రెయిలీ పరికరమనుకుని పోర్టును లాక్కుంటోందని అర్థం. ఆ ప్యాకేజీని తీసేస్తే సమస్య పోతుంది. అయితే అదే కంప్యూటర్‌ను చూపు లేనివారు కూడా వాడుతుంటే మొత్తం ప్యాకేజీ తీయకూడదు. అందులో ఈ చిప్‌కు సంబంధించిన నియమాన్ని మాత్రమే నిలిపివేయాలి.

5. పోర్టును పట్టుకుని ఉన్న మరో ప్రోగ్రామ్

"యాక్సెస్ ఈజ్ డినైడ్" లేదా "పోర్ట్ బిజీ" అని వస్తే డ్రైవర్ బాగున్నట్లే. విండోస్‌లో ఒక కామ్ పోర్టును ఒకసారికి ఒక్క ప్రోగ్రామే తెరవగలదు. అప్‌లోడ్ సమయంలో ఐడీఈ తన సీరియల్ మానిటర్‌ను (బోర్డుతో అక్షరాలు ఇచ్చిపుచ్చుకునే కిటికీని) తానే వదిలేస్తుంది గాని, మీరు తెరిచి మరిచిపోయిన పుట్టీ, వెనుక నడుస్తున్న పైథాన్ ప్రోగ్రామ్, త్రీడీ ప్రింటర్ సాఫ్ట్‌వేర్, రెండో ఐడీఈ మాత్రం వదలవు.

□ పోర్టు వాడే ప్రోగ్రాములన్నీ మూసేయండి
□ టాస్క్ మేనేజర్‌లో పైథాన్ మిగిలి ఉందేమో చూసి ముగించండి
□ కేబుల్ తీసి పది సెకన్లు ఆగి మళ్లీ పెట్టండి
□ అప్పటికీ రాకపోతే కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి

ఇక్కడే మరో ఘర్షణ ఉంది, దాన్ని తప్పు అని గుర్తించడమే కష్టం. పైథాన్ నుంచి పోర్టును తెరిచినప్పుడల్లా యూనో రీసెట్ అవుతుంది. పోర్టు తెరుచుకోగానే కంప్యూటర్ డీటీఆర్ అనే సంకేతం పంపుతుంది. అది బోర్డు మీది 100 నానోఫారడ్ కెపాసిటర్ ద్వారా రీసెట్ పిన్నును క్షణకాలం కిందికి లాగుతుంది. బోర్డు బూట్‌లోడర్‌లో ఉన్న ఆ కొద్దిసేపట్లో మీరు పంపిన మొదటి ఆదేశం గాలికి పోతుంది. పోర్టు తెరిచాక రెండు సెకన్లు ఆగి పంపండి. రీసెట్ అసలే కాకూడదంటే రీసెట్, గ్రౌండ్ పిన్నుల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి; ప్లస్ కాలు రీసెట్ వైపు ఉండాలి. కొత్త ప్రోగ్రామ్ అప్‌లోడ్ చేసేటప్పుడు ఆ కెపాసిటర్‌ను తీయాలి.

6. "నాట్ ఇన్ సింక్" అని అప్‌లోడ్ ఆగిపోతే

ఈ సందేశానికి అర్థం, కంప్యూటర్ పిలుస్తోంది గాని బూట్‌లోడర్ పలకడం లేదని. కారణాలను తేలికైనదాని నుంచి కష్టమైనదాని దాకా ఈ వరుసలోనే చూడండి.

మొదటిది, ఐడీఈలో ఎంచుకున్న బోర్డు పేరు. నానో వాడేవారు ప్రాసెసర్ మెనూను కూడా చూడాలి. పాత బూట్‌లోడర్ 57,600 బాడ్ (సెకనుకు పంపే బిట్ల లెక్క) వేగంతోనూ, కొత్తది 1,15,200 బాడ్ వేగంతోనూ మాట్లాడుతుంది. చాలా క్లోన్ నానోలలో పాతదే ఉంటుంది కనుక "ఓల్డ్ బూట్‌లోడర్" అన్నదాన్ని ఎంచుకుని చూడండి.

రెండోది, 0, 1 పిన్నులు. యూఎస్‌బీ మధ్యవర్తి చిప్ ప్రధాన చిప్‌తో మాట్లాడేది ఈ రెండు తీగల మీదే. హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్‌నో, సిమ్ కార్డుతో పనిచేసే జీఎస్ఎం మాడ్యూల్‌నో వీటికే కలిపి ఉంచితే ఇద్దరు ఒకేసారి మాట్లాడినట్లవుతుంది. అప్‌లోడ్ ముగిసేదాకా ఆ రెండు తీగలు తీసి ఉంచండి.

మూడోది, ఆటోమేటిక్ రీసెట్ పనిచేయకపోవడం. ఐడీఈ కింద "అప్‌లోడింగ్" అని పడగానే బోర్డు మీది రీసెట్ బటన్‌ను ఒకసారి నొక్కి వదలండి. అలా అప్‌లోడ్ అయితే రీసెట్ దారిలో లోపముంది. అయిదో మెట్టులో పెట్టిన కెపాసిటర్ అక్కడే మరిచిపోయారేమో కూడా చూసుకోండి.

ఇంతదాకా ఫలితం లేకపోతే తిరుగుదారి పరీక్ష చేయండి. రీసెట్ పిన్నును గ్రౌండ్‌కు కలపండి. దీనితో ప్రధాన చిప్ నిద్రలోకి పోతుంది. 0, 1 పిన్నులను ఒక జంపర్ వైరుతో కలపండి. సీరియల్ మానిటర్ తెరిచి ఏదైనా టైప్ చేసి పంపండి. పంపినది అక్షరం పొల్లు పోకుండా తిరిగి వస్తే కేబుల్, డ్రైవర్, మధ్యవర్తి చిప్ మూడూ నిర్దోషులు. తప్పు బూట్‌లోడర్‌లోనో ప్రధాన చిప్‌లోనో ఉంది. తిరిగి రాకపోతే తప్పు ఆ మూడింటిలో ఉంది. పరీక్ష అయ్యాక రెండు వైర్లనూ తీయడం మరవకండి.

బూట్‌లోడర్‌ను మళ్లీ ఎక్కించడానికి రెండో బోర్డు కావాలి. రెండో బోర్డులో "ఆర్డుయినోఐఎస్‌పీ" ఉదాహరణను అప్‌లోడ్ చేసి, ఆ తర్వాత దాని రీసెట్, గ్రౌండ్‌ల మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి. దాని 10వ పిన్నును రోగి బోర్డు రీసెట్‌కూ, 11, 12, 13 పిన్నులను అవే నంబర్లకూ, 5 వోల్టులు, గ్రౌండ్‌లను వాటి జతలకూ కలపండి. ప్రోగ్రామర్ మెనూలో "ఆర్డుయినో యాజ్ ఐఎస్‌పీ" ఎంచుకోవాలి. దాదాపు అదే పేరుతో కనిపించే "ఆర్డుయినోఐఎస్‌పీ" వేరే పరికరానికి సంబంధించినది. చాలామంది తడబడేది ఇక్కడే. "బర్న్ బూట్‌లోడర్" నొక్కి పూర్తయ్యేదాకా వైర్లు కదపకండి.

7. పిన్నులు, టైమర్ల పంపకం

ఒట్టి బోర్డు బాగా నడిచి, అన్నీ కలిపాక మొరాయిస్తే, ముందు కాగితం మీద పిన్నుల పట్టిక గీయండి. 0 నుంచి 13 దాకా, ఏ0 నుంచి ఏ5 దాకా ఒక్కో పిన్ను ఎదురుగా దాన్ని వాడే పరికరం పేరు రాయండి. ఒకే పిన్ను ఎదురుగా రెండు పేర్లు పడితే జవాబు దొరికినట్లే. అయితే ఈ పిన్నులను లైబ్రరీలు (ముందే రాసి ఉంచిన సిద్ధ ప్రోగ్రాములు) మీకు చెప్పకుండానే వాడుకుంటాయి:

□ 10, 11, 12, 13: ఎస్‌పీఐ, అంటే చిప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఒక పద్ధతి. ఈథర్‌నెట్ షీల్డు, ఎస్‌డీ కార్డు, ఆర్‌ఎఫ్ఐడీ రీడర్ వీటిని వాడతాయి
□ ఏ4, ఏ5: ఐ2సీ, అంటే రెండే తీగల మీద చాలా పరికరాలు మాట్లాడుకునే పద్ధతి. యూనోలో ఏరెఫ్ పక్కనున్న ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్ రంధ్రాలు కొత్త పిన్నులు కావు, ఇవే
□ 13: బోర్డు మీది ఎల్‌ఈడీ కూడా దీనిదే

ఈథర్‌నెట్ షీల్డులో నెట్‌వర్క్ చిప్ 10వ పిన్నుతోనూ, ఎస్‌డీ కార్డు 4వ పిన్నుతోనూ ఎంపికవుతాయి. ప్రోగ్రామ్ మొదట్లోనే రెండింటినీ అవుట్‌పుట్‌గా ప్రకటించి హై స్థితిలో ఉంచాలి. లేకపోతే కార్డు వాడనప్పుడు కూడా అది మధ్యలో మాట్లాడి నెట్‌వర్క్‌ను చెడగొడుతుంది. ఎస్‌పీఐ వాడినంతకాలం 10వ పిన్ను అవుట్‌పుట్‌గానే ఉండాలి. ఇన్‌పుట్‌గా ఉండి కిందికి పడితే చిప్ తానే సేవక స్థితిలోకి (మరో చిప్ చెప్పినట్లు నడిచే స్థితిలోకి) మారిపోతుంది.

పిన్నుల పట్టికలో కనిపించని ఘర్షణ టైమర్లది. ఈ చిప్‌లో టైమర్లు మూడే. టైమర్ 0 మీద డిలే, మిల్లిస్ అనే సమయం లెక్కించే ఆదేశాలు నడుస్తాయి. 5, 6 పిన్నుల పీడబ్ల్యూఎం (పిన్నును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ మోటారు వేగాన్నో వెలుగునో తగ్గించే పద్ధతి) కూడా దానిదే. టైమర్ 1ను సర్వో (చెప్పిన కోణానికి తిరిగే మోటారు) లైబ్రరీ తీసుకుంటుంది. సర్వోను ఏ పిన్నుకు కలిపినా సరే, 9, 10 పిన్నుల మీద అనలాగ్‌రైట్ (పీడబ్ల్యూఎం ఇచ్చే ఆదేశం) పనిచేయదు. మోటారు వేగాన్ని 9వ పిన్ను నుంచి నియంత్రిస్తూ, సర్వోను 7వ పిన్నుకు కలిపినవారికి మోటారు ఎందుకు మారాం చేస్తోందో తోచదు. మోటారును 5కో 6కో మారిస్తే చాలు.

టైమర్ 2ను టోన్ (బజర్‌ను మోగించే ఆదేశం) వాడుతుంది కనుక బజర్ మోగుతున్నంతసేపు 3, 11 పిన్నుల పీడబ్ల్యూఎం చెడుతుంది. ఐఆర్ రిమోట్ లైబ్రరీ కూడా దాన్నే కోరితే కంపైల్ దశలోనే "మల్టిపుల్ డెఫినిషన్" అనీ, పక్కన "వెక్టర్ 7" అనీ వస్తుంది. ఇది మీ ప్రోగ్రామ్‌లోని అక్షరదోషం కాదు. ఇద్దరూ ఒకే గడియారానికి పోటీపడుతున్నారు. టోన్ బదులు సొంతంగా మోగే యాక్టివ్ బజర్ వాడి, దాన్ని డిజిటల్‌రైట్‌తో నడిపితే పేచీ పోతుంది.

మామూలు పిన్నులను కూడా సీరియల్ పోర్టుగా వాడనిచ్చే సాఫ్ట్‌వేర్‌సీరియల్ లైబ్రరీ గురించి ఒక హెచ్చరిక. 9,600 బాడ్ వద్ద ఒక్క బైటుకు సుమారు ఒక మిల్లీసెకను పడుతుంది. ఆ సేపు అది మిగతా అంతరాయాలను (చిప్‌ను మధ్యలో పిలిచే ఇంటరప్ట్‌లను) ఆపేస్తుంది. జీఎస్ఎం సందేశం వస్తున్నప్పుడు సర్వో వణకడానికి కారణం ఇదే. రెండు సాఫ్ట్‌వేర్‌సీరియల్ పోర్టులు పెట్టుకున్నా ఒకసారికి ఒక్కటే వినగలదు. జీపీఎస్, జీఎస్ఎం రెండూ తప్పనిసరైతే, నాలుగు హార్డ్‌వేర్ సీరియల్ పోర్టులున్న మెగా 2560 బోర్డుకు మారడమే సరైన పరిష్కారమని నా అభిప్రాయం.

8. ఐ2సీ చిరునామాల ఘర్షణ

ఒక వాహన ప్రమాద సూచిక ప్రాజెక్టులో ఎదురైన చిక్కును వివరంగా చెబుతాను. ఎల్‌సీడీ, డీఎస్3231 గడియారం, ఎంపీయూ6050 కదలిక సెన్సర్ మూడూ ఏ4, ఏ5 మీదే ఉన్నాయి. గడియారం ఒక్కటే కలిపితే సమయం సరిగ్గా వచ్చేది. సెన్సర్ కూడా కలపగానే 37 నిమిషాలుండాల్సిన చోట 17 పడేది. ఐ2సీ స్కానర్ (తీగ మీద పలికే చిరునామాలను వెతికే ప్రోగ్రామ్) నడిపితే హెక్సాలో (16 ఆధారంగా ఉండే అంకెల పద్ధతిలో) 27, 57, 68 అనే మూడు చిరునామాలు వచ్చాయి. మూడు మాడ్యూళ్లు, మూడు చిరునామాలు. లెక్క సరిపోయిందని విద్యార్థులు ముందుకు వెళ్లిపోయారు.

లెక్క సరిపోలేదు. 27 ఎల్‌సీడీది. 57 గడియారం మాడ్యూల్ మీదనే ఉన్న చిన్న మెమరీ చిప్‌ది. 68 గడియారానిది, అదే 68 కదలిక సెన్సర్‌ది కూడా. అంటే రావలసినవి నాలుగు. ఇద్దరు ఒకే తలుపు నంబరు మీద పలుకుతున్నందువల్ల మూడే కనిపించాయి. ఐ2సీ తీగను ఎవరు కిందికి లాగినా సున్నాగానే చదవబడుతుంది కనుక, గడియారం 1 పంపిన చోట సెన్సర్ 0 పంపితే ఆ బిట్ చెరిగిపోతుంది. గడియారం ఒక్కో అంకెను నాలుగు బిట్లుగా, అంటే 37ను 0011 0111గా పంపుతుంది. అందులో ఒక్క బిట్ చెరిగితే 0001 0111, అంటే 17 అవుతుంది.

సెన్సర్ మీది ఏడీ0 పిన్నును 3.3 వోల్టులకు కలిపితే దాని చిరునామా 69 అవుతుంది. లైబ్రరీకి కూడా 69 అని చెప్పాలి. ఆ తర్వాత స్కానర్‌లో 27, 57, 68, 69 వచ్చాయి, నిమిషాలు కుదుటపడ్డాయి.

కాబట్టి స్కానర్‌ను ఇలా వాడండి:

□ ఒక్కో మాడ్యూల్‌ను ఒంటరిగా కలిపి, వచ్చిన చిరునామాలన్నీ రాసుకోండి
□ అన్నీ కలిపి మళ్లీ స్కాన్ చేయండి. విడివిడి మొత్తానికీ దీనికీ తేడా ఉంటే అక్కడే ఘర్షణ
□ ఎల్‌సీడీ ఖాళీ గళ్లు మాత్రమే చూపితే చిరునామా 27కు బదులు 3ఎఫ్ అయి ఉండవచ్చు. కాంట్రాస్ట్ స్క్రూను కూడా తిప్పి చూడండి
□ ఏ చిరునామా రాకపోతే రెండు తీగలు తారుమారయ్యాయేమో చూడండి

మాడ్యూళ్లు పెరిగేకొద్దీ మరో సంగతి గమనించాలి. చాలా మాడ్యూళ్ల మీద 4.7 కిలో ఓమ్‌ల పుల్‌అప్ రెసిస్టర్లు (తీగను పై స్థితిలో నిలిపి ఉంచేవి) ముందే ఉంటాయి. అలాంటివి నాలుగు కలిస్తే సమాంతరంగా సుమారు 1.2 కిలో ఓమ్‌లు అవుతాయి. తీగను కిందికి లాగడానికి 4 మిల్లీయాంపియర్లకు పైగా కావాలి. ఐ2సీ ప్రమాణం హామీ ఇచ్చేది 3 మిల్లీయాంపియర్లే. ఒక మాడ్యూల్ తీస్తే బాగుపడి, ఏది తీసినా బాగుపడుతూ ఉంటే, రెండు మూడు మాడ్యూళ్ల మీది పుల్‌అప్‌లను ఊడదీయండి.

9. కరెంటు చాలకపోవడం

సర్వో కదలగానే, రిలే మోగగానే ప్రోగ్రామ్ మొదటికి వస్తోందంటే అది చాలావరకు సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. నిర్ధారణ కోసం సెటప్‌లో (ప్రోగ్రామ్ మొదట్లో ఒక్కసారే నడిచే భాగంలో) "బోర్డు మొదలైంది" అన్న అర్థం వచ్చే ఒక వరుసను ముద్రించండి. పని మధ్యలో ఆ వరుస మళ్లీ కనిపిస్తే బోర్డు రీసెట్ అవుతోందని రుజువైనట్లే.

యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీయాంపియర్లు. బోర్డు పిన్ను ఒక్కటి 20 మిల్లీయాంపియర్లు దాటకుండా చూసుకోవాలి. 40 దాని గరిష్ఠ హద్దు. 5 వోల్టుల రిలే కాయిల్‌కు సుమారు 70 మిల్లీయాంపియర్లు కావాలి కనుక ట్రాన్సిస్టర్ లేకుండా పిన్నుకు నేరుగా కలపడం పిన్నును చంపడమే. సిమ్800ఎల్ మాడ్యూల్‌కు 3.4 నుంచి 4.4 వోల్టుల మధ్య, క్షణికంగా 2 యాంపియర్లు కావాలి. దాన్ని బోర్డు పిన్నుల నుంచి నడపడం సాధ్యం కాదు.

□ సర్వో, మోటారు, జీఎస్ఎంలకు వేరే సరఫరా ఇవ్వండి
□ అన్ని సరఫరాల గ్రౌండ్‌లనూ కలపండి. దీన్ని మరిచిపోతే సంకేతాలకు అర్థమే ఉండదు
□ సర్వో దగ్గర 470 నుంచి 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి
□ రిలే కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ ఉందో లేదో చూడండి

12 వోల్టుల అడాప్టర్‌ను బోర్డు జాక్‌లో పెట్టి 5 వోల్టుల పిన్ను నుంచి 300 మిల్లీయాంపియర్లు లాగితే, మిగిలిన 7 వోల్టులు రెగ్యులేటర్‌లో (వోల్టేజీని 5కు దించే చిప్‌లో) 2.1 వాట్ల వేడిగా మారతాయి. కాసేపటికి అది తనను తాను ఆపుకుంటుంది. పది నిమిషాలు నడిచి ఆగి, చల్లారాక మళ్లీ నడిచే బోర్డులో ముందు దీన్నే అనుమానించండి. 9 వోల్టుల అడాప్టర్ వాడితే వేడి దాదాపు సగమవుతుంది.

పొలంలో మోటారు స్టార్టర్‌ను నడిపే ప్రాజెక్టుల్లో కాంటాక్టర్ (మోటారుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్) పడినప్పుడు పుట్టే విద్యుత్ రొద వల్ల కూడా బోర్డు రీసెట్ అవుతుంది. బోర్డు వైర్లను మోటారు వైర్లకు దూరంగా నడపండి, కాంటాక్టర్ కాయిల్‌కు స్నబ్బర్ (ఆ రొదను అణచే చిన్న సర్క్యూట్) పెట్టించండి. త్రీఫేజ్ వైపు పనిని ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి. ఇందులో మినహాయింపు లేదు.

10. మెమరీ, లైబ్రరీలు

వైరింగ్, కరెంటు రెండూ బాగుండి బోర్డు వింత అక్షరాలు చూపుతూ, ఎక్కడపడితే అక్కడ ఆగిపోతుంటే ర్యామ్ చూడండి. ఈ చిప్‌లో ర్యామ్ 2,048 బైట్లే. కంపైల్ తర్వాత "లో మెమరీ అవైలబుల్" అని వస్తే దాన్ని దాటవేయకండి. ముద్రించే మాటలన్నిటినీ ఎఫ్ మ్యాక్రోలో పెడితే అవి ర్యామ్‌లోకి రాకుండా ఫ్లాష్‌లోనే ఉంటాయి. చాలా ప్రాజెక్టులకు ఇదొక్కటే సరిపోతుంది.

"మల్టిపుల్ లైబ్రరీస్ వర్ ఫౌండ్" అని వస్తే ఒకే పేరుతో రెండు లైబ్రరీలున్నాయి. ఐ2సీ ఎల్‌సీడీ లైబ్రరీల్లో ఇది ఎక్కువ. ఒకదానిలో డిస్‌ప్లేను ఇనిట్‌తో మొదలుపెడితే, ఇంకొకదానిలో బిగిన్‌తో మొదలుపెట్టాలి. సందేశం కింద ఏది వాడినదీ, ఏది వాడనిదీ దారితో సహా చూపిస్తుంది. అక్కరలేనిదాన్ని లైబ్రరీస్ ఫోల్డర్ బయటికి తరలించండి.

11. తిరిగి కూర్చే వరుస

□ ఒట్టి బోర్డులో బ్లింక్
□ ఒక మాడ్యూల్, దాని సొంత ఉదాహరణ ప్రోగ్రామ్‌తో. పది నిమిషాలు నడవాలి
□ రెండో మాడ్యూల్ కలిపి, రెండింటినీ విడివిడిగా, తర్వాత కలిపి పరీక్షించడం
□ ప్రతి మాడ్యూల్ చేరికకూ పిన్నుల పట్టికలో కొత్త వరుస
□ మోటార్లు, రిలేలు, జీఎస్ఎం చివర్లో, వేరే సరఫరాతో
□ అన్నీ చేరాక మీ పూర్తి ప్రోగ్రామ్

ఏ మెట్టులో చెడిందో అక్కడ చివరిగా చేర్చినదే అనుమానితుడు. దాన్ని తీసి, ముందు మెట్టు ఇంకా నడుస్తోందని రూఢి చేసుకున్న తర్వాతే ఏడు, ఎనిమిది, తొమ్మిది మెట్లలో తగినదానికి వెళ్లండి.

బోర్డు చచ్చిపోయిందని తేల్చడానికి నాలుగు రుజువులు కావాలి: మంచిదని తేలిన కేబుల్, అదే కేబుల్‌తో అదే కంప్యూటర్‌లో నడుస్తున్న మరో బోర్డు, రెండో కంప్యూటర్‌లో కూడా విఫలమైన ఒంటరి పరీక్ష, తిరుగుదారి పరీక్షలోనో బూట్‌లోడర్ ఎక్కించడంలోనో ఓటమి. తిరుగుదారి నెగ్గి, బూట్‌లోడర్ మాత్రం ఎక్కకపోతే పోయింది ప్రధాన చిప్ ఒక్కటే. సాకెట్‌లో కూర్చున్న పొడవాటి చిప్ ఉన్న యూనో అయితే బోర్డు పారేయనక్కరలేదు, బూట్‌లోడర్ ఎక్కించిన ఏటీమెగా328పీ తెచ్చి, గాటు ఉన్న వైపు చూసుకుని మార్చితే సరిపోతుంది.

బాగైన బోర్డు అడుగున చిన్న స్టిక్కర్ అంటించి మధ్యవర్తి చిప్ పేరు, బూట్‌లోడర్ పాతదో కొత్తదో, ఏ సాకెట్‌లో ఏ కామ్ నంబరు వస్తోందో రాసి పెట్టండి.